ఒక్క పెట్టె కూడా పడలేదు

"ఫోర్కులు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలి?"

"నాలుగు నుంచి ఆరు అంగుళాలక్కా."

"మలుపు వస్తే?"

"స్పీడ్ తగ్గించాల, హారన్ కొట్టాల, ఎవరైనా నడుస్తా ఉంటే ఆపేయాల."

"మెషీన్ ఎక్కేముందు?"

"టైర్లు, గొలుసులు, బ్రేకు, హారన్ చూసుకోవాల. ఆయిల్ కారుతుందేమో కింద చూడాల."

మల్లికార్జున్ తడుముకోకుండా చెబుతున్నాడు. వైవాకి వచ్చినవాడిలా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చూపు బల్ల మీద నిలిపి, ఒక్కో జవాబూ అప్పజెప్పేస్తున్నాడు. ఎదురుగా కూర్చున్న ఫేబీ పెన్ను పక్కన పెట్టేసింది. అతని జవాబుల్లో ఒక్క తప్పూ లేదు. అదే ఆమెకు నచ్చలేదు.

శనివారం మధ్యాహ్నం హామిల్టన్‌లోని ఒక టైల్స్ గోడౌన్‌లో, ర్యాంప్ దిగుతున్న ఫోర్క్‌లిఫ్ట్, ఆ ర్యాంప్ చివర నిలబడి ఉన్న ట్రక్కు డ్రైవర్‌ని ఢీకొట్టింది. అతని పేరు గ్లెన్. అప్పటి నుంచి ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పోలీసులు వచ్చేసరికి మెషీన్ పక్కన ఉన్నవాడు మల్లికార్జున్. "నేనే నడిపినాను" అని వాళ్ళతో చెప్పిందీ అతనే. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. రెండువేల ఇరవై మూడులో ఇక్కడి కాలేజీలకు వేలల్లో వచ్చిపడ్డ మన పిల్లల్లో ఒకడు. అతన్ని బెయిల్ మీద బయటికి తెచ్చిన లాయరు, అసలు ఏం జరిగిందో తేల్చమని నిన్ననే ప్రైవేట్ డిటెక్టివ్ ఫేబీని పెట్టుకుంది. కేసు నిలబడితే జైలు. జైలు నుంచి ఎయిర్‌పోర్టు.

"ర్యాంప్ ఎలా దిగావు మల్లికార్జున్?"

"ఎలా అంటే?"

"చేసి చూపించు. ఆ కుర్చీయే మెషీన్ అనుకో."

అతను కుర్చీలో సర్దుకున్నాడు. రెండు చేతులూ పైకెత్తి కారు స్టీరింగు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఇట్లా ముందుకి చూసుకుంటా, మెల్లగా దిగినా."

"లోడ్ ముందర ఉందా?"

"ఉండింది. టైల్స్."

"మరి దారి కనిపించిందా?"

"కొంచెం కొంచెం కనపడింది."

"గ్లెన్?"

"ఆయన కనపడలేదక్కా. నా తప్పే. అంతా నా తప్పే, నేను చెప్తానే ఉన్నా కదా!"

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. ఫేబీ మాట మార్చి మామూలుగా అడిగింది.

"ఇండియాలో ఏం చదివావు?"

"బీటెక్ మెకానికల్. డిస్టింక్షన్."

చెప్పడానికి సంతోషించాల్సిన మాట అది. చెబుతూ చెబుతూనే అతని మొహం చెంపదెబ్బ తిన్నట్టు ఎర్రబడింది. ఫేబీ ఆ మొహాన్ని గుర్తు పెట్టుకుని లేచింది.

* * *

గోడౌన్ దగ్గర పోలీసులు కట్టిన పసుపు టేపు ఇంకా అలాగే ఉంది. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు చూసి వెళ్ళాడు గాని, మెషీన్ కదపడానికి ఇంకా అనుమతి రాలేదు. టేపు అవతల ఒకతను వంగి ఫోటోలు తీస్తున్నాడు. ఫేబీ అతన్ని వెనక నుంచే పోల్చుకుంది.

"భరద్వాజ్ గారూ, బూట్ల ధర చీటీ ఇంకా ఊడదీసినట్టు లేరు."

అతను వెనక్కి తిరిగి కాలు ఎత్తి చూసుకున్నాడు. నిజంగానే ఉంది. పీకి జేబులో పెట్టుకున్నాడు. హైదరాబాద్ నుంచి టెక్సస్, అక్కడి నుంచి ఇక్కడ. సాఫ్ట్‌వేర్ వదిలేసి ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున విచారణలు చేస్తాడు. ఈ గోడౌన్‌కి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ ఇప్పుడు అతన్ని పంపింది. గ్లెన్ బయటి ట్రక్కు కంపెనీ మనిషి. తప్పు గోడౌన్‌దని తేలితే అతని కుటుంబం కోర్టుకెక్కుతుంది.

"మీకు ఇక్కడ పనేం ఉందండీ? పిలగాడు ఒప్పుకున్నడు. ఫైలు రేపు క్లోజ్ అయితది."

"క్లోజ్ అయ్యేదాకా చూసుకుంటాను. మీకేం ఇబ్బంది?"

గోడౌన్ మేనేజర్ డేవ్ ఇద్దరి మధ్యా నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఫేబీ అతన్ని ఇంగ్లీషులో అడిగింది. శనివారం ఎక్కడున్నావు? పైన ఆఫీసులో. ఏం చూశావు? కిటికీలోంచి అంతా చూశాను, ఆ కుర్రాడే నడిపాడు. ఏం వేసుకున్నాడు? పసుపు జాకెట్, హెల్మెట్, మాస్కు, టైల్స్ దుమ్ముకి ఇక్కడ అందరూ మాస్కు వేసుకుంటారు.

"అంటే మొహం కనిపించలేదు."

"మొహం చూడక్కర్లేదు. ఆ షిఫ్టులో వాళ్ళంతా చూడ్డానికి ఒకేలా..."

డేవ్ ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న ఇద్దరి మొహాలూ అప్పుడే చూసినట్టున్నాడు. భరద్వాజ్ ఫోన్‌లోకి తల దించేశాడు. ఆ మాట అన్నవాడికన్నా విన్నవాళ్ళకే ఎక్కువ సిగ్గేసింది. కాఫీ చల్లారిపోయిందంటూ డేవ్ మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఫేబీ టేపు చుట్టూ నడిచింది. మెషీన్ ర్యాంప్ చివర ఆగి ఉంది. దాని వెనక భాగం కింది యార్డు వైపు, ముందు బరువెత్తే ఫోర్కులు పై గోడౌన్ వైపు ఉన్నాయి. వెనకున్న ఇనుప దిమ్మ మీద పోలీసులు సుద్దతో గుండ్రంగా గీశారు. గ్లెన్‌కి తగిలింది అదే. ఫోర్కుల మీద నడుము ఎత్తు టైల్స్ పెట్టెలు. చుట్టూ చుట్టిన ప్లాస్టిక్ ఎక్కడా చిరగలేదు. ర్యాంప్ నేల మీద బ్రేకు గుర్తు లేదు. పై నుంచి కిందిదాకా గీత గీసినట్టు, దుమ్ములో పడ్డ టైరు మరకలు రెండూ తిన్నగా ఉన్నాయి. గ్లెన్ నిలబడిన చోటు ర్యాంప్ చివర, మెషీన్ దారికి ఎడమ అంచున, ఖాళీ జాగాలో ఉంది. ఏ గోడా, ఏ స్తంభమూ అడ్డం లేదు.

ఆమె అక్కడే గొంతుకు కూర్చుని చాలాసేపు చూసింది.

"ఏం దొరికింది?" అన్నాడు భరద్వాజ్.

"ఒక్క పెట్టె కూడా పడలేదు."

"అదృష్టం."

"కాదు. ఇంత బరువు ముందర పెట్టుకుని ముందుకు దిగితే ఏమవుతుంది? జారి కింద పడుతుంది, లేదా మెషీనే మొగ్గుతుంది. అందుకని పని తెలిసినవాడు బరువుని ఎప్పుడూ ఎత్తు వైపే ఉంచి, వెనక్కి వెనక్కి దిగుతాడు. ఈ మెషీన్ పై నుంచి కిందిదాకా వెనక్కే దిగింది. తిన్నగా, ఎక్కడా వంకర పోకుండా."

"అయితే మీ పిలగాడు మంచి డ్రైవర్ అంటరు. ఇంకా మంచిది. తెలిసి తెలిసి గుద్దిండు."

"మా పిల్లాడు ముందుకు దిగానని చెప్పాడు. స్టీరింగు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఈ మెషీన్ నడిపేవాడు ఎడమ చేత్తో స్టీరింగు మీదుండే గుండు పట్టుకుని తిప్పుతాడు, కుడి చెయ్యి ఎప్పుడూ మీటల మీదే ఉంటుంది. ట్రైనింగ్ పుస్తకంలో ఉన్నవన్నీ అతనికి కంఠతా వచ్చు. చేతులకు మాత్రం ఏమీ రాదు."

భరద్వాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "బ్యాడ్జి? మెషీన్ బ్యాడ్జి గీస్తేనే స్టార్ట్ అయితది. ఆ రోజు గీసింది మల్లికార్జున్ బ్యాడ్జి."

"బ్యాడ్జి మెళ్ళోంచి తీసి ఇంకొకరికి ఇవ్వడానికి ఎంతసేపు?"

"ఎవరికి?"

"పని బాగా తెలిసినవాడికి. కానీ వెనక్కి దిగుతూ ఒక్కసారి కూడా వెనక్కి చూడనివాడికి. తల తిప్పి ఉంటే ఎడమ పక్కన మనిషి కనిపించేవాడు. కనిపిస్తే బ్రేకు పడేది. అలాంటివాడు ఎవరో నాకు ఇంకా తెలీదు."

అతను టేపు దాటి ఆమె దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. తెలుగులోనే మాట్లాడుతున్నా, ఎవరైనా వింటారేమో అన్నట్టు చుట్టూ చూశాడు.

"ఫేబీ గారూ, ఒక్కటి అడుగుతా. వాడు నడపలేదని చూపించాలంటే, వాడికి నడపడం రాదని చూపించాలి. రాకపోతే ట్రైనింగ్ అయిందని ఇచ్చే లైసెన్స్ కార్డు ఎట్లొచ్చింది? ఆ కార్డు ఇచ్చినాయన ఇంకెంత మందికి ఇచ్చిండు? వాళ్ళంతా ఇయ్యాల ఏయే గోడౌన్లల్ల ఉన్నరు? మీరు ఈ తీగ లాగితే మనోళ్ళందరూ పేపర్ల పడతరు. ఒక్కనితోని పోయేదానికి!"

"ఆ ఒక్కడు ఎవరండీ? దారిన పోయేవాడా?"

"నిన్న ఆఫీసుల మా బాస్ నన్ను పిలిచి అడిగిండు. 'మీవాళ్ళేనా' అని. మీటింగుల ఎనిమిది మంది ఉన్నరు. తల ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే."

"నాకూ సిగ్గుగానే ఉంది. కాదని అనను. కానీ మీ తలా నా తలా ఎత్తుకుని తిరగడానికి వాడు జైలుకెళ్ళాలా?"

ఫేబీ వెనుదిరిగి కారు వైపు నడిచింది. పదడుగులు వేశాక వెనక నుంచి అతని మాట వినిపించింది.

"గోడౌన్ తప్పు లేదు. అది మాత్రం మర్చిపోకండి."

"కార్డు చూసి పనిలోకి తీసుకున్నాక, వాళ్ళ ఫ్లోర్ మీద వాళ్ళు మళ్ళీ నడిపించి చూడాలి కదా. చూశారా?"

భరద్వాజ్ మెషీన్ వైపు తిరిగి మళ్ళీ ఫోటోలు తీయసాగాడు.

* * *

కారులో కూర్చుని ఫేబీ మల్లికార్జున్‌కి ఫోన్ చేసింది.

"ర్యాంప్ మీద నువ్వు లేవు."

అవతల అతను ఎక్కడికో నడిచి తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"నీకు ఆ మెషీన్ నడపడం రాదు మల్లికార్జున్. ఔనా?"

"అక్కా, అది మాత్రం రాయొద్దు."

"ఏది?"

"నాకు రాదని. జైలైనా పోతా. మెకానికల్ డిస్టింక్షన్‌లో పాసై, ఫోర్క్‌లిఫ్ట్ నడపడం రాదని కోర్టులో అందరి ముందర... మా రూములో ఐదుగురం ఉన్నాం. ఎవురికీ చెప్పలేదు నేను. మొదటిరోజు సీట్లో కూర్చున్నా, దిగిపోయినా. బాత్రూములో నిలబడుకున్నా."

"ఎవరు నడిపారు?"

"నాకోసం వచ్చిన మనిషిని నేనెట్లా పట్టిస్తానక్కా? నన్ను ఆ కష్టంలోనుంచి దించడానికి వచ్చినాడు. అంత ఉపకారం నాకు ఎవురూ చేయలేదు. వదిలేయండి."

ఫోన్ పెట్టేశాడు. ఫేబీ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ కుర్రాడి నోటి నుంచి ఆ సిగ్గును లాగి బయట పెట్టింది తనే. కావాలనే లాగింది. అది తన పనే గాని, పని అయిపోయాక చేతులు కడుక్కోవాలనిపించింది.

మల్లికార్జున్ కార్డు మీద ట్రైనింగ్ ఇచ్చినవారి సంతకం ఎవరిదో ఆమెకు మొదటి నుంచీ తెలుసు. లాయరు ఫైలులో చూసినప్పుడే తెలుసు. అక్కడికి అన్నిటికన్నా చివర వెళ్ళాలని అనుకుంది. చివర రానే వచ్చింది.

* * *

క్రీస్తుదాసు గారి ట్రైనింగ్ సెంటరు కార్ల గ్యారేజీల వరుసలో ఉంది. ముందు ఒక పెద్ద షెడ్డు, అందులో పాత ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి. నడుము ఎత్తు చెక్క అడ్డుకు అవతల మడత కుర్చీల్లో ఎనిమిది మంది పిల్లలు కూర్చుని వీడియో చూస్తున్నారు. ఆయన బోర్డు వైపు తిరిగి ఏదో రాస్తున్నాడు.

"దాసు అంకుల్," అని ఫేబీ వెనక నుంచి పిలిచింది.

ఆయన తల తిప్పలేదు. కాళ్ళూ నడుమూ భుజాలూ అన్నీ కలిపి, తలుపు తిరిగినట్టు మొత్తం మనిషే తిరిగాడు. "ఎవరూ? ఫేబమ్మా! రా తల్లీ, రా. టీ తాగుతావా?"

వెనక్కి చూడనివాడు అని ర్యాంప్ దగ్గర తను అన్న మాట ఫేబీకి గుర్తొచ్చింది.

విశాఖ పోర్టులో పదేళ్ళు, దుబాయిలో పన్నెండేళ్ళు ఇవే మెషీన్ల మీద బతికిన మనిషి ఆయన. ఫేబీ వెళ్ళే తెలుగు చర్చిలో పెద్ద. కొత్తగా దిగిన పిల్లలు సూట్‌కేసులతో ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఆమె వచ్చిన కొత్తలో ఆయన ఇంట్లో అన్నం తిన్నది.

"మెడ ఎలా ఉంది అంకుల్?"

"ఎముకలు అరిగిపోయాయమ్మా. డాక్టరు కాలర్ పెట్టుకోమన్నాడు. పిల్లల ముందు అదేం బాగుంటుంది?"

"మల్లికార్జున్ గురించి వచ్చాను."

"పాపం, మంచి కుర్రాడు. ప్రార్థన చేస్తున్నాను."

"తెలుసు. ఆదివారం చర్చిలో గ్లెన్ కోసం కూడా చేయించారు. పేరు పెట్టి. మేమందరం ఆమెన్ అన్నాం."

"ఔను. చేయాలి కదా."

"ఆదివారానికి ఆ పేరు ఎవరికీ తెలీదు అంకుల్. పోలీసులు బయట పెట్టలేదు. వార్తల్లో 'ట్రక్కు డ్రైవర్' అనే ఉంది. నాకు సోమవారం లాయరు చెబితే తెలిసింది. మల్లికార్జున్ శనివారం రాత్రి నుంచీ స్టేషన్లో ఉన్నాడు. మీకు ఎవరు చెప్పారు?"

క్రీస్తుదాసు గారు చేతిలోని మార్కరుకి మూత పెట్టబోయాడు. మూత దొరకలేదు. ఫోర్క్‌లిఫ్ట్ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఆయనే చెప్పాడమ్మా," అన్నాడు. "కింద పడి ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాను. ఏం మాట్లాడాలో తెలీక పేరేంటి బాబూ అన్నాను. గ్లెన్ అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు."

అవతల వీడియో అయిపోయింది. ఎవరూ ఇంకొకటి పెట్టలేదు.

"పిల్లాడు భయపడుతున్నాడని తెలిసి వెళ్ళాను ఫేబమ్మా. ఆ ర్యాంప్ వాడి వల్ల కాదు. ఈ ఒక్క లోడూ దించేసి వచ్చేద్దామనుకున్నాను. వెనక్కి చూశాననే అనుకున్నాను. మెడ తిరగలేదు."

"నడపడం రానివాడికి కార్డు ఎందుకిచ్చారు?"

"ఎవర్ని ఫెయిల్ చేయమంటావు? వచ్చేది మనవాళ్ళు. సోమవారం డ్యూటీలో చేరాలి అంకుల్ అంటాడు ఒకడు. వాడి అన్న నాకు తెలుసు, ఇంకొకడి పాస్టరు ఫోన్ చేస్తాడు. మొహమాటం తల్లీ. నలుగురికి రాకపోతే, మొదటిరోజు నేనే వెళ్ళి పక్కన నిలబడి నేర్పిస్తే సరిపోతుందనుకున్నాను."

"పక్కన నిలబడలేదు అంకుల్. వాళ్ళ బ్యాడ్జి వేసుకుని సీట్లో కూర్చున్నారు."

ఆయన తల వంచడానికి కూడా మెడ సహకరించలేదు. కళ్ళు మాత్రం దించుకున్నాడు. ఫేబీకి ఆయన్ని అలా చూడటం కష్టంగా ఉంది. చిన్నప్పుడు తెలియక పెద్దవాళ్ళ గది తలుపు తోసినట్టు అనిపించింది.

"పదండి. లాయరు దగ్గరికి వెళ్దాం. ఇదే మాట చెప్పండి. ఆ పిల్లాడు బయటపడతాడు."

"వస్తాను. కోటు తీసుకోనివ్వు."

ఆయన లేచాడు. గోడకున్న కోటు అందుకున్నాడు. ఒక చెయ్యి తొడుక్కున్నాడు కూడా. అప్పుడే షెడ్డు తలుపు తెరుచుకుని భరద్వాజ్ లోపలికి వచ్చాడు.

"గ్లెన్ పోయిండు. అరగంటయింది. ఆస్పత్రి నుంచి ఇప్పుడే ఫోన్."

 క్రీస్తుదాసు గారి కోటు రెండో చెయ్యి గాలిలో వేలాడుతూ ఉండిపోయింది.

భరద్వాజ్ ఫోన్ రికార్డింగులో పెట్టి బల్ల మీద ఉంచాడు. "ఇప్పుడిది ప్రాణం పోయిన కేసు. అందుకే అడుగుతున్న. సార్, శనివారం మధ్యాహ్నం మీరు ఆ గోడౌన్‌కి పోయిన్రా?"

ఫేబీ ఆయన వైపు చూసింది. ఆయన ఆమెను చూడలేదు.

"లేదు," అన్నాడు క్రీస్తుదాసు గారు.

"అంకుల్!"

"నేనెందుకు వెళ్తానమ్మా? ఇక్కడే ఉన్నాను. నా వ్యాను రోజంతా ఇక్కడి యార్డులోనే ఉంది, మా గేటు కెమెరా చూసుకోమనండి."

"చూసిన," అన్నాడు భరద్వాజ్. అతని గొంతులో గెలిచిన సంతోషం లేదు. "ర్యాంప్ దగ్గర మీరు అన్న మాట విని, కార్డు మీది సంతకం పట్టుకుని ఇక్కడికొచ్చి ముందు అదే చూసిన ఫేబీ గారూ. వ్యాను కదలలే. బస్సులు ఆ గోడౌన్ దాకా పోవు. ఈ వయసులో, ఈ మెడతోని ఈయన నడిచిపోయిండంటే జడ్జి నమ్మడు."

"ఆయన ఇప్పుడే నాతో ఒప్పుకున్నాడు. గ్లెన్ చెయ్యి పట్టుకున్నానని చెప్పాడు!"

"మీరొక్కరే విన్నరు. మీరు పిలగాని తరఫు మనిషి."

ఫేబీ చెక్క అడ్డు దగ్గరికి వెళ్ళింది. అవతల ఎనిమిది మంది. అడ్డు ఎత్తు నడుముదాకే. గుసగుస చెప్పుకున్నా వినిపించే దూరం.

"మీరు విన్నారు కదా? చెప్పండి. మల్లికార్జున్ మీ క్లాసులోనే కూర్చున్నాడు. మీలో ఒకడు."

ఒకడు బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. అది ముడి వేసే ఉంది. ఇంకొకడు ఆపేసిన వీడియో వైపే చూస్తున్నాడు. చెబితే ఈ సెంటరు మూతపడుతుంది. తమ కార్డులు, తమకన్నా ముందు వెళ్ళినవాళ్ళ కార్డులు చెల్లవు. ఫేబీకి వాళ్ళ మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. ఆ కిందికి దిగిన తలల వరుస చూస్తూ ఆమె తన తల కూడా దించుకుంది.

"అయిపోయింది," అన్నాడు భరద్వాజ్ మెల్లగా. ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

"ఆగండి."

చివరి కుర్చీలో అమ్మాయి లేచి నిలబడింది. ఒంటి మీద ఏదో గోడౌన్ జాకెట్ ఉంది. 

"కూర్చో అమృతా," అన్నాడు క్రీస్తుదాసు గారు. బెదిరింపు కాదు, బతిమాలుకున్నట్టుంది. "కూర్చో తల్లీ. నీ కార్డు..."

"నా కార్డు కిందటి నెలే వచ్చింది కదా అంకుల్. నడపడం రాకుండానే వచ్చింది. అందుకేగా సెలవు రోజుల్లో మళ్ళీ ఇక్కడికొచ్చి కూర్చుంటున్నా, నిజంగా నేర్చుకుందామని." భరద్వాజ్ వైపు తిరిగింది. "వ్యాను కదలలేదు సార్. శనివారం ఆయన నా కార్లో వెళ్ళారు. గోడౌన్ దగ్గర దించింది నేనే, తీసుకొచ్చిందీ నేనే. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చోమంటే కూర్చోలేదు. వెనక పడుకుని దారంతా ఏడ్చారు. ఎందుకని నేను అడగలేదు. రాత్రి వార్తల్లో చూశాక కూడా అడగలేదు."

"మల్లికార్జున్ పిలిచాడా ఈయన్ని?" అని అడిగింది ఫేబీ.

"అన్న పిలవలేదు. అన్నకి ఈయన వస్తున్నట్టు కూడా తెలీదు. మేనేజరు ఫోన్ చేశాడు. డేవ్. అప్పుడు భోజనానికి వెళ్తున్నాం, నేను డ్రైవ్ చేస్తున్నా, అంకుల్ ఫోన్ స్పీకర్లో పెట్టారు. 'ఈ కొత్త కుర్రాడు కూడా పనికిరాడు, ఎప్పట్లాగే నువ్వే వచ్చి దించేయ్. పక్క తలుపు తీసి ఉంచుతా, వాడి బ్యాడ్జి తీసుకో' అన్నాడు. అంకుల్ ఓకే డేవ్, ఓకే డేవ్ అన్నారు."

ఎప్పట్లాగే. ఆ మాట షెడ్డులో అందరికీ ఒకేసారి అర్థమైంది. క్రీస్తుదాసు గారు ఆ పిల్లాడి మీద జాలితో వెళ్ళలేదు. డేవ్ కిటికీలోంచి చూసి పొరబడనూ లేదు. నడపడం రాని పిల్లల్ని కార్డు ఇచ్చి పంపించి, వాళ్ళ బ్యాడ్జీల మీద ఈ ముసలాయన చేత పని చేయించుకోవడం ఇద్దరికీ అలవాటైన ఏర్పాటు. తనకోసమే వచ్చాడనుకుని, ఆ ఉపకారానికి మల్లికార్జున్ హత్యలాంటి కేసు నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

భరద్వాజ్ చెయ్యి ఇంకా ఫోన్ మీదే ఉంది. రికార్డింగు నడుస్తోంది. డేవ్ గోడౌన్‌ని కాపాడటానికే అతనికి జీతం. ఒక్క వేలు నొక్కితే ఈ అమ్మాయి చెప్పినది ఇక్కడికి ఆగిపోతుంది. బయటికి వెళ్ళేలోపు ఈమె మళ్ళీ నోరు విప్పకుండా చూడటానికి ఇక్కడ ఏడుగురున్నారు, ఫోన్ అందుకుంటే డేవ్ ఉన్నాడు.

ఫేబీ అతని మొహం వైపే చూస్తూ నిలబడింది.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫోన్‌ని బల్ల అంచు దాకా, అమ్మాయికి దగ్గరగా జరిపాడు.

"మళ్ళా చెప్పమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మొదటి నుంచి. నీ పేరుతోని సహా."

అమృత ఫోన్ వైపు వంగింది. పక్క కుర్చీలో కుర్రాడు వద్దన్నట్టు ఆమె జాకెట్ అంచు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"నా పేరు అమృత. నా దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్స్ ఉంది. నాకు ఫోర్క్‌లిఫ్ట్ నడపడం రాదు."